డెలివరీ బ్యాగు భుజానికి వేసుకునే ముందు

కూకట్‌పల్లిలో మా గల్లీలో ఎవరికైనా ఉద్యోగం పోయినా, డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నా ముందు నా దగ్గరికే వస్తారు. మూడేళ్లు ఫుడ్ డెలివరీ చేశానని వాళ్లకు తెలుసు. అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, రోజుకు ఎంతొస్తది?"

నేను నోటితో ఒక అంకె చెబితే అది సగం అబద్ధమే అవుతుంది. యాప్‌లో కనిపించే డబ్బు వేరు, రాత్రి ఇంటికొచ్చాక మిగిలే డబ్బు వేరు. మధ్యలో పెట్రోలు ఉంది, బండి అరుగుదల ఉంది, మీ ఒళ్లు ఉంది. అందుకే ఇక్కడ లెక్క ఎలా వేసుకోవాలో చెబుతాను. దానికంటే ముఖ్యంగా, రోడ్డు మీద దెబ్బ తగలకుండా ఎలా చూసుకోవాలో, తగిలితే ఆ గంటలో ఏం చేయాలో చెబుతాను.

ముందు కాగితాలు, బండి

పర్మనెంట్ లైసెన్సు, ఆర్‌సీ, గడువు తీరని ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, ఆధార్, పాన్, మీ పేరు మీద బ్యాంకు ఖాతా ఉండాలి. పాన్‌కు ఆధార్ లింకయి ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. లేకపోతే మీకిచ్చే డబ్బులోంచి పన్ను కింద ముందే ఒక్క శాతం కోయాల్సిన టీడీఎస్ 20 శాతం కోస్తారు. లైసెన్సు, ఆర్‌సీలను ఆర్టీఏ ఎం-వాలెట్‌లోగానీ డిజిలాకర్‌లోగానీ పెట్టుకుంటే వానలో తడుస్తాయన్న భయం ఉండదు.

ఈ పని కోసమని కొత్త బండి ఈఎంఐ మీద తీయొద్దు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. కిస్తీ నెత్తిమీద ఉన్నవాడు జ్వరం వచ్చినా లాగిన్ అవుతాడు, వానొచ్చినా అవుతాడు. మొదటి మూడు నెలలు ఇంట్లో ఉన్న పాత బండికే బ్రేకులు, టైర్లు బాగు చేయించి నడపండి. ఎలక్ట్రిక్ స్కూటర్లు అద్దెకు దొరుకుతున్నాయి. 25 కిలోమీటర్ల వేగం దాటని, 250 వాట్ల లోపు మోటారున్న వాటికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. గల్లీ ఆర్డర్లకు అవి బాగానే ఉంటాయి గానీ, అంత నెమ్మదిగా పోయే బండితో ఫ్లైఓవర్ మీద బస్సుల మధ్యకు వెళ్లకండి.

చేరేటప్పుడు బ్యాగు, టీషర్టుల ఖర్చు తీసుకోవడం మామూలే. అది యాప్‌లో కనబడాలి, లేదా పేఅవుట్‌లోంచి కోతగా కనబడాలి. "ఐడీ ఇప్పిస్తా, ఈ నంబరుకి ఫోన్‌పే కొట్టు" అన్నవాడు మోసగాడు. వేరేవాళ్ల ఐడీ అద్దెకు తీసుకుని తిరిగేవాళ్లు కూడా ఉన్నారు. దాని జోలికి పోకండి. రేపు ప్రమాదం జరిగితే మీరు ఎవరో కంపెనీకి తెలియదు, రూపాయి కూడా రాదు.

ఏరియా ఎంచుకోవడం

మధ్యాహ్నం మూడున్నరకి, లంచ్ రద్దీ తగ్గాక, మీ ఏరియాలో పెద్ద బిర్యానీ హోటల్ ముందుకి వెళ్లండి. బండ్ల మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్న రైడర్లు నలుగురైదుగురు ఉంటారు. ఒక టీ తాగించి ఈ మూడు ప్రశ్నలు అడగండి: హోటల్ వాళ్లు ఎంతసేపు నిలబెడుతున్నారు? ఒక్కో ఆర్డర్‌కి రానూపోనూ ఎన్ని కిలోమీటర్లు పడుతోంది? రాత్రి చివరి ఆర్డర్ ఎక్కడికి విసిరేస్తోంది? ఈ మూడూ తెలిస్తే "ఎంతొస్తది" అని అడిగే పనే ఉండదు.

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు ఆర్డర్లకు కొదవ ఉండదు. కానీ గేటెడ్ కమ్యూనిటీల్లో గేటు దగ్గర ఎంట్రీ, కస్టమర్ అప్రూవల్, బండి బయటే పెట్టి నడక, సర్వీస్ లిఫ్ట్ కోసం ఎదురుచూపు, ఇవన్నీ కలిపి పావుగంట పోతుంది. ఆ పావుగంటకి చాలాసార్లు డబ్బులుండవు. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ లాంటి హాస్టళ్ల ఏరియాల్లో దూరాలు తక్కువ. ఆర్డర్ చిన్నది, రేటూ చిన్నదే, గంటకు ఎక్కువ ఆర్డర్లు కొట్టొచ్చు. టోలిచౌకి, మెహదీపట్నం వైపు రాత్రి గిరాకీ ఎక్కువ, రంజాన్ నెలలో హలీం ఆర్డర్లతో ఊపిరి ఆడదు. మీరు మియాపూర్‌లో ఉంటూ గచ్చిబౌలి జోన్ తీసుకుంటే పొద్దున పోయే పెట్రోలు, రాత్రి తిరిగొచ్చే పెట్రోలు మీ జేబులోంచే.

మ్యాప్‌ను టూవీలర్ మోడ్‌లోనే పెట్టుకోండి. కారు మోడ్‌లో ఉంటే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదికో, ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీదికో దారి చూపిస్తుంది. ఆ రెండింటి మీదా బైకులకు అనుమతి లేదు.

రేటు కార్డు చదవడం

ఆర్డర్ డబ్బులు సాధారణంగా ఇలా ముక్కలుగా వస్తాయి: బేస్ పే, దూరానికి కొంత, హోటల్ దగ్గర ఆలస్యానికి కొంత, వానకో రద్దీకో అదనంగా ఇచ్చే సర్జ్, దాని మీద ఇన్ని ఆర్డర్లు కొడితే ఇంత అని ఇచ్చే రోజు ఇన్సెంటివ్, వారం ఇన్సెంటివ్, టిప్పు. ఇందులో మీది అని గట్టిగా అనుకోదగ్గవి మొదటి రెండే. ఇన్సెంటివ్ అనేది కంపెనీ ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చేది. కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారాల్లో బోనస్ ఆఫర్లు పెడుతుంటారు. వాటిని చూసి నెల ఆదాయం లెక్క కట్టకండి.

ప్రతి ఆర్డర్ దగ్గర ఒకటి చూడటం అలవాటు చేసుకోండి: కంపెనీ చూపించిన కిలోమీటర్లు, మీ బండి మీటర్ కిలోమీటర్లు. మీరున్న చోటి నుంచి హోటల్‌కి వెళ్లే దూరం, డ్రాప్ తర్వాత ఖాళీగా వెనక్కి వచ్చే దూరం రేటులో ఎంతవరకు కలిపారో అప్పుడే తెలుస్తుంది. రెండు ఆర్డర్లు ఒకేసారి అంటగట్టినప్పుడు రెండో దానికి రేటు తగ్గుతుంది. వారానికోసారి రేటు కార్డు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. మారినప్పుడు మారిందని చూపించడానికి మీ దగ్గర ఉండే ఆధారం అదొక్కటే.

నోట్‌బుక్ లెక్క

ఇరవై రూపాయల లాంగ్ నోట్‌బుక్ చాలు. నాలుగు గడులు గీయండి: లాగిన్ అయిన గంటలు, మీటర్ రీడింగ్, యాప్ డబ్బు, ఖర్చు. రాత్రి అన్నం తినే ముందు రాయండి. తిన్నాక నిద్రొచ్చేస్తుంది, రాయరు.

నా పాత పుస్తకంలో ఒక మామూలు రోజు ఇలా ఉంది. పొద్దున 11 నుంచి రాత్రి 11 దాకా 12 గంటలు, 22 ఆర్డర్లు, మీటర్ మీద 130 కిలోమీటర్లు. యాప్ చూపించింది రూ.1,040. హైదరాబాద్ ట్రాఫిక్‌లో నా బండి లీటరుకు 45 ఇచ్చేది. అంటే దాదాపు మూడు లీటర్లు, లీటరు రూ.107 చొప్పున రూ.310. ఇక బండి అరుగుదల. ఇంజిన్ ఆయిల్, చైన్ స్ప్రాకెట్, బ్రేక్ షూలు, టైర్లు, క్లచ్ ప్లేట్లు అన్నీ ఏడాదికి కలిపి చూస్తే నాకు కిలోమీటరుకు రూపాయి దాకా తేలింది. కాబట్టి రూ.130. టీ, టిఫిన్, నీళ్లు రూ.90. ఫోన్ రీచార్జి రోజు వాటా రూ.10. మిగిలింది రూ.500. పన్నెండు గంటలతో భాగిస్తే గంటకు 42 రూపాయలు కూడా నిండలేదు. ఆ రోజు యాప్‌లో నాలుగంకెలు చూసి మంచి రోజే అనుకున్నాను.

కంపెనీల వైపు లెక్క కూడా తెలుసుకోండి. 2025లో జొమాటో రైడర్ల సగటు సంపాదన, టిప్పులు కాకుండా, లాగిన్ గంటకు రూ.102 అని ఆ సంస్థ వ్యవస్థాపకుడు దీపిందర్ గోయల్ 2026 జనవరిలో చెప్పారు. రోజుకు పది గంటలు, నెలకు 26 రోజులు చేస్తే సుమారు రూ.26,500 వస్తుందని, పెట్రోలు, మెయింటెనెన్సు పోను రూ.21,000 దాకా మిగులుతుందని ఆయన లెక్క. అది సగటు. మీ ఏరియాలో, మీ బండి మీద అది నిజమా కాదా అన్నది మీ నోట్‌బుక్కే చెప్పాలి. ఒక్క రోజు చూసి తేల్చకండి. ఆదివారం, సోమవారం, ఒక వాన రోజు, ఒక నెలాఖరు రోజు, ఇవన్నీ పడేలా నాలుగు వారాలు రాయండి.

ఖర్చులన్నీ తీసేశాక గంటకు మిగిలేది మీ ఏరియాలో షాపుల్లో, గోడౌన్లలో ఇచ్చే జీతం కంటే తక్కువగా ఉంటే ఆ ఉద్యోగమే మేలు. అక్కడ ఈఎస్ఐ, పీఎఫ్ కూడా ఉంటే ఇంకా ఆలోచించక్కర్లేదు. కాలేజీకి వెళుతూ సాయంత్రం నాలుగు గంటలు చేసేవాళ్లకు, వేరే పనితో కలిపి చేసేవాళ్లకు మాత్రం డిన్నర్ టైమ్ ఒక్కటే పట్టుకుంటే గంటకు ఎక్కువ పడుతుంది. ఏడున్నర నుంచి పదిన్నర వరకు. మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా ఊరికే పెట్రోలు కాల్చకుండా ఇంట్లో పడుకోవడం మంచిది.

ఇన్సెంటివ్‌ను వదిలేయడం నేర్చుకోండి

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది.

జూలై నెల, రాత్రి పదీ నలభై. రోజు ఇన్సెంటివ్‌కి రెండు ఆర్డర్లు తక్కువ, ఇన్సెంటివ్ రూ.150. జేఎన్‌టీయూ దగ్గర సన్నగా జల్లు పడుతోంది. పెద్ద వాన కంటే ఈ సన్న జల్లే ప్రమాదం. రోడ్డు మీది ఆయిలు, దుమ్ము కొట్టుకుపోవు, పైకి తేలి సబ్బు నీళ్లలా ఉంటాయి. ఫోన్ హోల్డర్‌లో కొత్త ఆర్డర్ మోగింది. యాక్సెప్ట్ కొట్టడానికి ఎడమ చెయ్యి ఎత్తాను. ముందు ఆటో ఆగింది. కుడిచేత్తో ఫ్రంట్ బ్రేక్ పట్టాను, చక్రం సరిగ్గా జీబ్రా క్రాసింగ్ తెల్ల పెయింట్ మీద ఉంది. బండి నా కిందనుంచి పక్కకి వెళ్లిపోయింది. బ్యాగులో ఉన్న బిర్యానీ, రైతా రోడ్డంతా పరుచుకుంది. వెనక బస్సు ఆగింది కాబట్టి ఇది రాస్తున్నాను. మణికట్టు ఎముక విరిగి 23 రోజులు ఇంట్లో కూర్చున్నాను.

అప్పటినుంచి కుర్రాళ్లకు చెప్పేది ఇదే. పొద్దున లాగిన్ అయ్యే ముందే ఆపే టైమ్ రాసుకోండి. ఆ టైమ్ అయితే ఒక్క ఆర్డర్ తక్కువున్నా లాగౌట్. వాన మొదలైన మొదటి పావుగంట బండి పక్కన పెట్టండి, సర్జ్ ఎంత చూపించినా సరే. నీళ్లు నిలిచిన రోడ్డులో మ్యాన్‌హోల్ కనబడదు. అమీర్‌పేట మైత్రీవనం, ఖైరతాబాద్, లక్డీకాపూల్ లాంటి చోట్ల గట్టి వానలో ఆర్డర్ వదులుకున్నా పరవాలేదు. తెల్ల గీతల మీద, ఇనుప జాయింట్ల మీద బ్రేక్ వేయకండి, ముందే స్పీడు తగ్గించండి.

యూటర్న్ దూరమని రాంగ్ రూట్‌లో వెళ్లడం అందరూ చేస్తున్నదే. ఆదా అయ్యేది రెండు మూడు నిమిషాలు. చలానా సంగతి అలా ఉంచండి, రాంగ్ రూట్‌లో దెబ్బ తగిలితే తప్పు మీదే అవుతుంది, ఎదుటి బండి ఇన్సూరెన్సు నుంచి వచ్చే పరిహారం తగ్గొచ్చు, అసలు రాకపోవచ్చు. హెల్మెట్ బకిల్ పెట్టండి. బకిల్ పెట్టని హెల్మెట్ పడే ముందే ఎగిరిపోతుంది. ఫోన్‌కు బ్లూటూత్ పెట్టుకుని ఒక చెవిలోనే వాడండి, ఆర్డర్ మోగితే బండి పక్కకు ఆపి యాక్సెప్ట్ చేయండి.

గ్రోసరీ యాప్‌ల "పది నిమిషాల డెలివరీ" మీద 2025 డిసెంబరులో దేశమంతా డెలివరీ కార్మికులు సమ్మె చేశారు. 2026 జనవరిలో కేంద్ర కార్మిక శాఖ చెప్పాక ఆ ప్రచారాన్ని తీసేయడం మొదలుపెట్టారు. యాప్‌లో మాట పోయినంత మాత్రాన కస్టమర్ తొందర పోదు. ఫోన్ చేసి అరిస్తే "అన్నా, సేఫ్‌గా తీసుకొస్తున్నా, ఐదు నిమిషాలు" అని ఒక్క మాట చెప్పి పెట్టేయండి. బండి నడుపుతూ వాదన పెట్టుకోకండి.

కుక్కలు, ఎండ

2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఒక డెలివరీ కుర్రాడు పెంపుడు కుక్క మీదికి రావడంతో మూడో అంతస్తు నుంచి దూకి ప్రాణం పోగొట్టుకున్నాడు. లోపల కుక్క మొరుగు వినబడితే తలుపు దగ్గరికి వెళ్లకండి. ఫోన్ చేసి "కుక్కను కట్టేసి బయటికి రండి సార్, ఇక్కడ ఉన్నా" అనండి. అది మీ హక్కు. రాత్రి వీధికుక్కలు వెంటపడితే స్పీడు పెంచకండి, బండి నెమ్మది చేసి ఆపితే చాలావరకు వాటంతట అవే ఆగిపోతాయి. కరిస్తే గాయాన్ని పారే నీళ్ల కింద సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు టీకా వేయించుకోండి. నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో, నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌లో రేబిస్ టీకాలు వేస్తారు. మొదటి డోసుతో ఆపేయకండి, కోర్సు పూర్తి కావాలి.

ఏప్రిల్, మేలో మధ్యాహ్నం మజ్జిగ, ఓఆర్‌ఎస్ బ్యాగులో పెట్టుకోండి. బాత్రూమ్ దొరకదని నీళ్లు తాగడం మానేసేవాళ్లను చాలామందిని చూశాను, తర్వాత మూత్రంలో మంట, రాళ్లు అని ఆస్పత్రుల చుట్టూ తిరిగారు. మెట్రో స్టేషన్లు, పెట్రోలు బంకుల్లో టాయిలెట్లు ఎక్కడున్నాయో మొదటి వారంలోనే గుర్తుపెట్టుకోండి.

ఇన్సూరెన్సు: పడకముందే చూడాల్సినవి

నేను పడ్డ రాత్రి కస్టమర్ ఫోన్ మీద ఫోన్. కంగారులో ఫోన్ స్విచాఫ్ చేశాను. రెండు రోజులయ్యాక బీమా కోసం అడిగితే, ప్రమాదం యాప్‌లో రిపోర్ట్ కాలేదు అన్నారు. నెల తిరిగినా అదే మాట. చివరికి మా బావమరిది దగ్గర అప్పు చేసి ఆస్పత్రి బిల్లు కట్టాను. మీకు అలా కాకూడదు.

కంపెనీ బీమా చాలావరకు లాగిన్‌లో ఉన్నప్పుడో, ఆర్డర్ చేతిలో ఉన్నప్పుడో మాత్రమే పనిచేస్తుంది. యాప్‌లో ఇన్సూరెన్సు పేజీ తెరిచి నాలుగు విషయాలు నోట్‌బుక్ వెనక అట్ట మీద రాసుకోండి: ఎంతవరకు ఇస్తారు, ఎప్పుడు వర్తిస్తుంది, ఎన్ని గంటల్లో తెలియజేయాలి, ఏ నంబరుకి.

తర్వాత మీ బండి పాలసీ తీయండి. ఓనర్-డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ రూ.15 లక్షలు అందులో ఉందో లేదో చూడండి. ఇక్కడ చాలామంది మోసపోయే విషయం ఒకటుంది. ఆ కవర్ ఆర్‌సీలో పేరున్న ఓనర్‌కే. బండి నాన్న పేరు మీదో, అన్న పేరు మీదో ఉంటే, నడిపేది మీరైతే అది మీకు రాదు. బండిని మీ పేరు మీదికి మార్పించుకోండి, లేదా విడిగా మీ పేరు మీద ప్రమాద బీమా తీసుకోండి. సొంత వాడకం పాలసీ మీద డెలివరీ చేస్తే క్లెయిమ్ దగ్గర కొర్రీ పెట్టొచ్చు. కాబట్టి ఏజెంటును సూటిగా అడిగి, డెలివరీకి కూడా వర్తిస్తుందని కాగితం మీద రాయించుకోండి.

తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో గిగ్ కార్మికులకు, అంటే మనలా యాప్‌ల ద్వారా పనిచేసేవాళ్లకు, రూ.5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. కేంద్రం ఈ-శ్రమ్ పోర్టల్‌లో ప్లాట్‌ఫామ్ వర్కర్‌గా ఉచితంగా నమోదు కావచ్చు. సందేహాలుంటే హెల్ప్‌లైన్ 14434. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం కంపెనీలు తమ టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం కార్మికుల నిధికి కట్టాలి. మీ పేరు నమోదులో ఉంటేనే ఆ పథకాలు మీదాకా వస్తాయి, కాబట్టి ఈ వారమే చేయించుకోండి. ఐడీ బ్లాక్ లాంటి గొడవల్లో ఒంటరిగా టికెట్లు పెడుతూ కూర్చోకుండా తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్‌ను కలవండి.

ప్రమాదం జరిగితే

బండి సంగతి తర్వాత, ముందు రోడ్డు మధ్య నుంచి పక్కకు రండి. తలకు దెబ్బ తగిలిన వాడి హెల్మెట్ గట్టిగా లాగకండి. 108కి ఫోన్ చేయండి, పోలీసులకు 112. యాప్‌లో ఎస్ఓఎస్ (అత్యవసర సాయం) బటన్ ఉంటే నొక్కండి, లాగౌట్ కాకండి, ఫోన్ ఆపకండి. గుద్దిన బండి నంబరు ఫొటో తీయండి. మీకు చేతకాకపోతే పక్కనున్నవాళ్లను తీయమనండి.

"పోలీస్ కేసు ఎందుకు, ఐదు వేలిస్తా" అని గుద్దినవాడు బేరం పెడతాడు. ఒప్పుకోకండి. ఆస్పత్రిలో ఎంఎల్‌సీ (పోలీసు కేసుగా గాయాల నమోదు) రాయించండి, ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకోండి. ఎముక విరిగిందని రెండో రోజు ఎక్స్‌రేలో తేలితే ఆ ఐదు వేలు కట్లకే చాలవు. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో ప్రమాదం నాటి నుంచి 7 రోజుల వరకు రూ.1.5 లక్షల దాకా నగదు రహిత చికిత్స ఉంది. ఆస్పత్రి కౌంటర్లో రోడ్డు ప్రమాదాల నగదు రహిత చికిత్స పథకం కింద చూడమని అడగండి. గుద్దిన బండి దొరక్కపోయినా హిట్ అండ్ రన్ కింద తీవ్ర గాయానికి రూ.50,000, ప్రాణం పోతే కుటుంబానికి రూ.2 లక్షలు వస్తాయి. దానికీ పోలీసు కాగితమే ఆధారం.

క్యాష్, ఓటీపీ, పన్ను

క్యాష్ ఆర్డర్ల డబ్బు మీ డబ్బు కాదు, దాన్ని వేరే పర్సులో పెట్టండి. లిమిట్ దాకా ఆగకుండా రోజూ కట్టేయండి, కట్టకపోతే ఆర్డర్లు ఆగిపోతాయి. "కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం, ఆర్డర్ క్యాన్సిల్ అయింది, ఓటీపీ చెప్పు" అని ఫోన్ వస్తే పెట్టేయండి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి, గంటలు గడిస్తే వెనక్కి రావడం కష్టం. కోసిన టీడీఎస్ ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ మీది వివరాల్లో కనబడుతుంది. మీ ఆదాయం పన్ను పరిధిలో లేకపోతే రిటర్న్ వేసి మొత్తం వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఇంట్లో చెప్పాల్సింది

బ్యాగు తెచ్చుకున్న రోజు రాత్రే ఇంట్లో కూర్చుని ఒక పని చేయండి. మీ ఐడీ నంబరు, బండి పాలసీ, ఈ-శ్రమ్ కార్డు, కంపెనీ బీమా నంబరు, బ్లడ్ గ్రూపు ఫొటోలు తీసి మీ భార్యకో, అమ్మకో, అక్కకో వాట్సాప్ చేయండి. ప్రతి పాలసీలో నామినీ పేరు ఎవరిదుందో చూడండి. పెళ్లి కాకముందు తీసుకున్న పాలసీలో ఇంకా పాత పేరే ఉండొచ్చు, మార్పించండి. హెల్మెట్ లోపల ఒక చిన్న చీటీ అంటించండి, బ్లడ్ గ్రూపు, ఇంటి నంబరు. ఫోన్ లాక్ పడి ఉన్నా ఎవరైనా అది చూసి మీ ఇంటికి ఫోన్ చేయగలుగుతారు.